నాన్న ఊపిరి మీద చదువు

"నర్సింగ్ మానేస్తానమ్మా. నా డిగ్రీ నేనే తయారుచేసుకుంటాను," అంది టెస్సా, కాలేజీ నుంచి వచ్చి కోటైనా విప్పకుండానే.

పొయ్యి మీద బీన్స్ కలుపుతున్న తల్లి వెర్నా గరిటె వదిలేసింది. డిగ్రీని తయారుచేసుకోవడమేమిటి, అదేమన్నా మొక్కజొన్న రొట్టెనా? ఈ లోయలో నర్సు చదివిన పిల్లకు ఇట్టే ఉద్యోగం దొరుకుతుంది. బొగ్గు గనిలో దుమ్ము మింగి మింగి తన భర్త డెన్వర్ ఇప్పుడు ఆక్సిజన్ గొట్టంతో కుర్చీకి అతుక్కుపోయాడు. రేపు అతనికేమైనా అయితే ఈ ఇంటికి దిక్కెవరు... ఆ బెంగే ఆమెను తినేస్తోంది.

"దానికి పేరన్నా ఉందా? చర్చిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పుకోను?"

"పేరూ నేనే పెట్టాలి. ఏయే పాఠాలు చదవాలో నేనే ఎంచుకోవడానికి కాలేజీ వాళ్లు ఒప్పుకున్నారు. కాస్త వైద్యం, కాస్త చట్టం, కాస్త చరిత్ర. మన గనుల్లో మనుషుల ఊపిరి ఎలా పాడైందో వాళ్ల నోటితోనే చెప్పించి రాస్తాను. ముందు నాన్నతో మొదలుపెడతా."

వెర్నాకు ఒళ్లు భగ్గుమంది. "మాట మాటకీ ఆయాసపడే మనిషి చేత కథలు చెప్పిస్తావా? ఆయనకి మిగిలిందే గుప్పెడు ఊపిరి. అది నీ చదువుకి ధారపోయాలా?"

"అడగనీ వెర్నా..." అన్నాడు డెన్వర్ మూలనున్న కుర్చీలోంచి. ఆ రెండు మాటలకే పెదవులు నీలంగా మారిపోయాయి.

"నువ్వు మాట్లాడకు," అంటూ ఏడ్చేసింది వెర్నా.

తల్లి కన్నీళ్లు చూశాక టెస్సా వాదించలేకపోయింది. నర్సింగ్‌లోనే ఉండిపోయింది. ఆ చలికాలమంతా డెన్వర్ ఏదో చెప్పబోవడం, వెర్నా అరచేత్తో అతని పెదవులు మూయడం... ఎంత ప్రేమగా మూసేదో! దాచిన ఊపిరి ఆయుష్షై తిరిగొస్తుందనుకుంది పిచ్చితల్లి. మంచు కరిగే వేళకు డెన్వర్ ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయాడు.

సమాధి దగ్గర నుంచి వచ్చాక, ఇరుగుపొరుగు తెచ్చిన వంటకాలు బల్లమీద చల్లారిపోతుంటే, టెస్సా పుస్తకాలు సర్దుకుంది. "వెళ్లొస్తానమ్మా, పరీక్షలున్నాయి." మాటలో నిష్ఠూరమన్నది లేదు. అదే వెర్నా గుండెను కోసేసింది. నాలుగు తిట్టినా బాగుండేది...

"కూర్చో," అంది వెర్నా. "మీ నాన్న నోరు మూసింది నేనే తల్లీ. ఆయన్నీ దక్కించుకోలేదు, ఆయన మాట నీకూ దక్కనివ్వలేదు."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"ఆయన గని బట్టలు రోజూ వెనక వాకిట్లో దులిపింది ఎవరనుకున్నావ్? ఆ దుమ్ము నేనూ పీల్చాను. ఎక్స్‌రేలో నా ఊపిరితిత్తుల్లోనూ ఆయనకున్న మచ్చలే. నీ చదువు పాడవుతుందని చెప్పలేదు. నర్సువై నాకు మందులిస్తావో, నన్ను అడిగి రాసుకుంటావో నీ ఇష్టం. అడిగేటట్టయితే మాత్రం నాకు ఊపిరున్నప్పుడే అడుగు."

టెస్సా తల్లి ఒళ్లో తలపెట్టి చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, నోటుపుస్తకం తెరిచి ఎదురుగా కూర్చుంది.

"నీ పూర్తి పేరు చెప్పమ్మా," అని అడిగింది.