దేవుడు లేని దీవి

రైల్వే వర్క్‌షాపు మొదటి సైరను మోగేసరికి సుజాతమ్మ రెండో విడత టీ దించింది. మొదటి గ్లాసు మామగారి కుర్చీ పక్కన అరుగు మీద అలాగే ఉంది, పైన మీగడ కట్టి. తవిటయ్య దానివైపు చూడలేదు. ఆ వర్క్‌షాపులోనే, బాయిలర్ షాపులో, జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక కూడా సైరను వినపడితే ఆయన కాళ్లు చెప్పుల కోసం వెతుక్కునేవి. భార్య పోలమ్మ పోయిన దగ్గర్నుంచి అదీ లేదు. ఎండాకాలంలో ఆవిడ్ని సాగనంపి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ గేటు దాటలేదు.

“మావయ్యా, అది చల్లారిపోయింది. ఇది తాగండి.”

“ఉంచమ్మా.”

పోలమ్మ ఉన్నప్పుడు న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని ఆ క్వార్టర్లో మాటలకు కొదవ ఉండేది కాదు. ఇప్పుడు సుజాతమ్మ తెలుగు స్కూల్లో పిల్లలకు చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పి, ఇంటికొచ్చి ఊరుకునేది. అత్త పోయిన రోజు వచ్చినవాళ్లకి టీలు పెట్టడం, కర్మలకి సరుకులు తెప్పించడం అన్నీ తనే చూసుకుంది. ఆ పనుల్లో పడి ఏడుపు వెనక్కి పోయింది. తర్వాత మళ్లీ రాలేదు.

భర్త గోవిందరావు టిఫిన్ డబ్బా మూతపెడుతూ గడప దగ్గర ఆగాడు.

“దసరా పూజా సెలవులొస్తన్నాయి. రైలు పాసుకి రాయమంటావా, వద్దా? మన క్వార్టర్ల లైనంతా పూరీయే. పక్కింటి దాలమ్మత్త వాళ్లయితే కుక్కని తప్ప అందర్నీ ఎక్కిస్తన్నారు.”

“మనం పూరీ వెళ్లకూడదు కదండీ. అత్తయ్య సంవత్సరీకం అవ్వాలి. అంతవరకూ ఏ క్షేత్రమూ తొక్కకూడదు.”

“అదే కదా నా బాధ. పూరీ వద్దు, సింహాచలం వద్దు. పోనీ చిలకా సరస్సులో కాళీజై దీవికెల్దామా?”

“అక్కడ మాత్రం అమ్మవారు లేదా? పైగా దసరాకి పడవలో నిలబడే చోటుండదు.”

గోవిందరావు నవ్వాడు. “మనకున్నది ఒక్క రైలు లైను. దాని పొడుగునా దేవుళ్లే. దేవుడు లేని స్టేషను ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?”

“రంభ,” అంది సుజాతమ్మ.

“రంభలో ఏటుంది?”

“ఏమీ లేదు. గుడి లేదు, జనం లేరు. ఒడ్డు నుంచి కనిపించేంత దూరంలో చిన్న దీవి ఉంది. మా స్కూల్లో ఆలిస్ టీచరు వెళ్లొచ్చింది. చేపలవాళ్లు పొద్దున దింపి సాయంత్రం ఎక్కించుకుంటారట. అన్నం మనమే కట్టుకెళ్లాలి.”

“ఏమీ లేని చోటికి పాసు రాయించుకుంటే ఆఫీసులో నవ్వుతారే.”

“నవ్వనివ్వండి. మావయ్యని ఒకసారి గేటు దాటించకపోతే ఆ కుర్చీలోనే అయిపోతారు.”

గోవిందరావు అరుగు మీదకు చూసి, సైకిలు తీశాడు. “ఆదివారం అప్ప వస్తాది గదా. దానికి కూడా చెప్పి రాయిద్దాం,” అన్నాడు.

రంభ పేరు సుజాతమ్మకు ఆలిస్ చెప్పకముందే తెలుసు. ఏటా టెక్కలి దగ్గర సొంతూరికి పోయేటప్పుడు రైలు చిలకా ఒడ్డునే నడిచేది. పోలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని చూసేది. పూరీ వెళ్తే అందరూ సముద్రంలో దిగేవారు, ఆవిడ ఇసకలో ట్రంకులకీ చెప్పులకీ కాపలా కూర్చునేది. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండేవారు. రైల్లో ఆ దీవి కనబడగానే కోడలి చెవిలో అనేది: “ఆ బుల్లి దిబ్బ మీద ఒక్క పూట కూకుంటే ఏటౌద్దే? ఎవులూ పిలవరు.”

సుజాతమ్మ ప్రతిసారీ నవ్వి ఊరుకునేది.

ఆదివారం ఆడపడుచు అప్పలనర్సమ్మ ఊళ్లోనే ఉన్న మలంచా నుంచి రిక్షాలో దిగింది. గోవిందరావు కంటే పెద్దది, అక్కడ కిరాణా కొట్టున్న ఇంటికిచ్చారు. తమ్ముడు సంగతి చెప్పగానే చేతిలోని సంచీ నేలమీద పెట్టేసింది.

“అమ్మ పోయి ఏడాది తిరగనేదు. పడవ షికారేటి మీకు? లోకం ఏటనుకుంటాది?”

“అది క్షేత్రం కాదు వదినా. తప్పు లేదు.”

“గుడుంటే తప్పు, గుడి నేకపోతే ఒప్పు! బాగుంది మీ టీచర్ల లెక్క. మీరెల్లండి. అయ్యని నాను మలంచా తీసుకుపోతాను.”

“మావయ్య కోసమే వదినా ఇదంతా. ఆయన్ని అలా చూస్తుంటే నాకు భయంగా ఉంది.”

“నీకు భయమా?” అప్పలనర్సమ్మ గొంతు పెరిగింది. “అమ్మని మోసుకుపోతంటే నీ కంట్లో నీటి చుక్క నేదు. అందరూ సూసినారు. నాను సూసినాను.”

సుజాతమ్మ బల్లమీది పళ్లెం తీసి, మళ్లీ అక్కడే పెట్టింది.

“నిజమే వదినా,” అంది. “రాలేదు.”

గోవిందరావు ఇబ్బందిగా మధ్యలోకొచ్చాడు.

“ఊరుకో అప్పా. వెళ్లినా రెండు రోజులు, అంతే. రాత్రి మెయిలెక్కి పడుకుంటే తెల్లారకుండా ఆ పక్కకి చేరిపోతాం. అయ్య కాలంలో లాగ పాసింజర్లో కూలబడక్కర్లేదు.”

ఆ మాటకి అప్పలనర్సమ్మకు కోపంలోనూ నవ్వొచ్చింది. “అవును మరి. మెయిలెక్కే పాసు జేబులో ఎట్టుకుని జనమంతా పాసింజర్లో తిప్పినాడు. ఖుర్దాలో దిగడం, మళ్లీ ఇంకో పాసింజరెక్కడం! మీ అయ్యకి ఇంజను మసి తింటేగాని కడుపు నిండదేటని మా అత్తోరు ఇప్పటికీ ఎగతాళే.”

“మెయిలొద్దు.”

అరుగు మీంచి వచ్చిందా మాట. ముగ్గురూ గుమ్మం దగ్గరకొచ్చారు. తవిటయ్య వాళ్లవైపు తిరగలేదు.

“మెయిలు సిలకా కాడికొచ్చీసరికి సీకటి. ఏటీ కనబడదు. పెళ్లైన కొత్తలో మీ యమ్మని మెయిలే ఎక్కించినాను. దోవలో సముద్రమంత నీళ్లుంటాయని ఆశ పెట్టినాను. తెల్లారి లేసి, ఏవీ నీళ్లు అని అడిగింది. అప్పుట్నుంచి పాసింజరే. పాసింజరైతే సిలకా పగటేల వస్తాది. మీ యమ్మ కిటికీ కాడ కూకుంటాది.”

కూకుంటాది అన్నాడు. ఎవరూ దిద్దలేదు.

“మరి మాకెప్పుడూ సెప్పనేదేటి అయ్యా?” అంది అప్పలనర్సమ్మ. గొంతు తగ్గిపోయింది.

“సెప్పడానికేటుంది? అందరం ఆ బండిలోనే ఉన్నాం గదా.”

సుజాతమ్మ ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. “మావయ్యా, ఆ దీవి మీద ఒక్క పూట కూర్చోవాలని అత్తయ్య నాతో అనేది. ప్రతి ఏడూ అనేది.”

తవిటయ్య కోడలి ముఖంలోకి చూశాడు.

“నాతో అననేదమ్మా,” అన్నాడు. “సూపిస్తే సాలనుకున్నాను నాను.”

వెనకాల అప్పలనర్సమ్మ గుమ్మానికి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి వచ్చి సుజాతమ్మ పక్కన చతికిలబడింది.

“నన్ను కూడా తీసుకెల్తావా పిల్లా? పాసులో నా పేరుండదు. టికెట్టు కొనుక్కుంటాను.”

“నీ జన్మలో ఎప్పుడైనా రైలు టికెట్టు కొన్నావా అప్పా?” అన్నాడు గోవిందరావు, తనూ కళ్లు తుడుచుకుంటూ.

“పెళ్లయ్యాక నానెక్కడ ఎక్కినాన్రా రైలు? ఏ కిటికీలో ఇస్తారో నువ్వే సూపించాలి.”

“వదినా, పులిహోర మీరు చెయ్యండి,” అంది సుజాతమ్మ. “అత్తయ్య చేసినట్టు మీకే వస్తుంది.”

అప్పలనర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

మర్నాడు పొద్దున సుజాతమ్మ టీ పట్టుకుని అరుగు మీదకొచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంది. గేటు తీసి ఉంది. లోపలికి చూసి భర్తను పిలవబోయింది. అంతలో రోడ్డు మలుపులో, డ్యూటీకి పోతున్న సైకిళ్లకు ఎదురుగా, తవిటయ్య నడిచి వస్తూ కనిపించాడు. కాళ్లకు దుమ్ముంది.

“ఎక్కడికెళ్లారు మావయ్యా?”

“టేసనుకి.” ఆయన గ్లాసు అందుకుని నిలబడే ఒక గుక్క తాగాడు. “పాసింజరు టైము మార్చీసినారమ్మా. అడిగొచ్చినాను.”

“మరి?”

“పరవానేదు. సిలకా పగలే వస్తాది.”

సుజాతమ్మ తలూపింది. లోపలికి పోబోయింది గానీ, గడప దాటలేకపోయింది. అరుగు మీద కూర్చుండిపోయి, కొంగు ముఖానికి కప్పుకుని, అత్త పోయిన తర్వాత మొదటిసారి ఏడ్చింది. తవిటయ్య పక్కనే నిలబడి, మిగిలిన టీ వేడిగా ఉండగానే తాగాడు.