మంచులో కడిగిన వాకిలి

శుక్రవారం వాకిలి కడగనిదే మంగతాయారుకి కాఫీ గొంతు దిగదు. కాకినాడలో దిగనిది జర్మనీలోని జీగెన్‌లో మాత్రం ఎలా దిగుతుంది? రాత్రంతా మంచు కురిసి వీధి వీధంతా తెల్లగా పూడుకుపోయింది. కోడలు రుచిత చీకటితోనే లేచి, గరాజు ముందున్న వాలు మీది మంచు పారతో తోసేసి స్నానానికి వెళ్లింది.

'పాపం, మంచు తోసింది గానీ మట్టి మిగిల్చింది' అనుకుంది మంగతాయారు. వాలు మీది గరుకు ఇసుకనంతా మూలకి ఊడ్చి, రెండు బకెట్ల వేణ్ణీళ్లతో శుభ్రంగా కడిగేసింది. నేల నల్లగా తళతళలాడింది. తాను కొడుకు దగ్గరికి వచ్చాక కోడలికి చేసిన మొదటి సాయం అదేనని ఆవిడకు ఎంతో తృప్తిగా అనిపించింది.

రుచిత నర్సు. కొండల మీద కట్టిన ఆ ఊళ్లో ఇంటింటికీ కారులో తిరిగి, మంచం పట్టిన ముసలివాళ్లకి మందులిచ్చి వస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు కొత్తది. మొదటి రెండేళ్లలో పెద్ద తప్పు జరిగితే చిక్కే, కారు లేకపోతే ఉద్యోగమూ లేదు.

"జాగ్రత్త తల్లీ!"

"సరే అత్తయ్యా. బస్సులు కూడా ఆపేశారంట. మెల్లిగానే వెళ్తాను."

మెల్లిగానే వెళ్లింది. అయినా వాలు మీదికి వచ్చీ రాగానే కారు పక్కకి తిరిగిపోయింది. బ్రేకు పట్టలేదు, చలికాలపు టైర్లూ పట్టలేదు. వీధిలో మంచు తోసుకుంటున్న పక్కింటి ముసలాయన క్రూగర్‌ని గుద్దేసింది. ఆయన పెట్టిన కేకకి మంగతాయారు గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

అంబులెన్సు ఆ ఎత్తు ఎక్కలేక కిందే ఆగిపోతే, ఆయన్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. తుంటి విరిగిందన్నారు. ఆ వయసులో తుంటి విరిగితే మళ్లీ లేస్తాడో లేడో! పోలీసులు వచ్చి రుచిత వివరాలు రాసుకుని వెళ్లిపోయారు.

"ఒళ్లు దగ్గర పెట్టుకుని నడపమని ఎన్నిసార్లు చెప్పాను?" కొడుకు శరత్ గొంతుకి ఇల్లు అదిరింది. "అసలు స్ప్లిట్ చల్లావా లేదా?"

"అదేంట్రా?" అంది మంగతాయారు.

"గరుకు ఇసుకమ్మా. మంచు తోసిన చోట చల్లాలి. లేకపోతే కారేంటి, మనిషే నిలబడలేడు. చెప్పవే, చల్లావా?"

మంగతాయారుకి తాను మూలకి ఊడ్చిన ఇసుక గుర్తొచ్చింది.

రుచిత తల వంచుకుంది. "మర్చిపోయాను."

"మర్చిపోయావా! తాళాలు ఇలా ఇవ్వు. ఇక నువ్వు స్టీరింగ్ ముట్టుకోవద్దు. ఉద్యోగానికి కూడా రాలేనని చెప్పేయ్."

రుచిత తాళాలు బల్లమీద పెట్టింది. మంగతాయారు పుట్టి బుద్ధెరిగాక ఎవరిచేతా మాట పడని మనిషి. ఊరుకుంటే ఇప్పుడూ పడక్కర్లేదు. కానీ ఆ పిల్ల ముఖం చూసి ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"ఆపరా! అది చల్లింది. ఊడ్చి పారేసింది నేను. ఊడ్చి, వేణ్ణీళ్లతో కడిగాను."

"వేణ్ణీళ్లా? అమ్మా, బయట మైనస్ ఎనిమిది! అవి గాజు పలకలా గడ్డకట్టవూ!" శరత్ కుర్చీలో కూలబడ్డాడు. గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. ఈ మాట గడప దాటనివ్వకు. కేసు ఎలాగూ రుచిత పేరు మీదే రాసుకున్నారు. నువ్వు విజిట్ వీసా మీదున్నావు, నీకెందుకు గొడవ?"

"సిగ్గు లేదట్రా? అది అబద్ధమాడి నన్ను కాపాడింది. నువ్వు నిజం తెలిసి కూడా దాన్ని ముంచుతున్నావు!" ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నీకు తెలుసుగా. కోపం రాలేదుటే?"

"వచ్చింది అత్తయ్యా, చచ్చేంత కోపం వచ్చింది. కారు దిగేసరికి ఇసుక మూలన కనబడింది. గుమ్మంలో మీరు కొయ్యబొమ్మలా నిలబడిపోయారు. మా అమ్మయితే పదిమందిలో పట్టిస్తానా అనిపించింది."

మంగతాయారు కోడలి చెయ్యి పట్టుకుని పక్కింటికి నడిచింది. క్రూగర్ భార్య కోటు వేసుకుని, సంచీతో గుమ్మంలోనే ఉంది. రుచిత జర్మన్‌లో ఏదో చెప్పింది.

"నేనే చేశానని చెప్పావా?"

రుచిత చూపు తిప్పుకుంది.

"చెప్పలేదన్నమాట." మంగతాయారు తన గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇష్," అంది. 'నేను' అనడానికి ఆవిడకు వచ్చిన జర్మన్ ముక్క అదొక్కటే. ఊడ్చినట్టు, నీళ్లు కుమ్మరించినట్టు చేతులతో చూపించి, మళ్లీ గుండె మీద కొట్టుకుంది. "ఇష్."

ముసలావిడ ముఖం బిగుసుకుపోయింది. క్షమించానని అనలేదు. తలుపూ వేసుకోలేదు. రుచితని ఏదో అడిగింది.

"టాక్సీలు ఈ ఎత్తు ఎక్కలేమంటున్నాయట. ఆయన దగ్గరికి ఎలా వెళ్లాలని అడుగుతోంది," అంది రుచిత.

వెనకాలే వచ్చిన శరత్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. తాళాలు భార్య చేతిలో పెట్టాడు. "నువ్వే తీసుకెళ్లు. పోలీసులకి ఉన్నదున్నట్టు నేను చెబుతాను. నన్ను... నన్ను క్షమించు రుచీ."

రుచిత తాళాలు తీసుకుని కారు ఎక్కింది. వెనక సీట్లో ముసలావిడ మంగతాయారుకి దూరంగా, కిటికీకి అతుక్కుని కూర్చుంది. దిగుడు మలుపులో కారు కాస్త జారింది. ఆవిడ చటుక్కున మంగతాయారు చెయ్యి పట్టుకుంది. రుచిత కారుని అదుపులోకి తెచ్చుకుని పెద్ద రోడ్డెక్కింది. ముసలావిడ ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.

మంగతాయారు ఆసుపత్రి దాకా ఏడుస్తూనే ఉంది.