చేతిలో పెట్టిన బొగ్గుముక్క

"ఓ దాదా! ఎవులు ముట్టుకోమన్నారు నిన్ను?"

మేరీరాణి నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. మాట్లాడింది అనడం మర్యాదకే, నిజానికి అరిచింది. దాదా అంటే బెంగాలీలో అన్న.

హౌరాలోని టికియాపారాలో, తెలుగువాళ్లుండే రైల్వే క్వార్టర్ల వెనక చిన్న హాలు. శనివారం, బయట వాన. చాపల మీద గుండ్రంగా కూర్చున్న పదకొండు మంది ఆడవాళ్లూ నన్నే చూస్తున్నారు. నా చేతిలో బొగ్గుముక్క ఉంది.

నేను కలకత్తా సెక్టార్ ఫైవ్‌లో యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేస్తాను. ఆఫీసువాళ్లు వాలంటీరుగా పొమ్మంటే వచ్చాను. నా పక్కన తవిటమ్మ అనే పెద్దావిడ కాగితం మీద ఒకే ఒక్క చెప్పు గీసి ఆగిపోయింది. సగంలో ఆగిన బొమ్మ కనబడితే నా చెయ్యి ఊరుకోదు. అసలే నిమిషం కుదురుగా కూర్చోలేని మనిషిని. చటుక్కున పక్కనే రెండో చెప్పు గీసేశాను.

తవిటమ్మ కాగితం మడిచి కొంగులో దాచుకుని, వానలోనే ఇంటికి వెళ్లిపోయింది.

"జోడు లేకుంటే బాగలేదని గీసిన. గంతే కద," అన్నాను. నాది వరంగల్. కంగారులో ఊరి మాటే వస్తుంది.

"గంతేనా? ఆవిడ పెనిమిటి పట్టాల మీద పని చేసీవోడు. రైలు గుద్దేసినాక ఇంటికొచ్చింది ఒక్క చెప్పే. ఏడాదిగా ఎవరితోనూ మాటాడని మనిషి, ఇయాలే బొగ్గు పట్టుకుంది."



మేరీరాణి పుట్టింది టికియాపారాలోనే. నాలుగేళ్ల క్రితం ఆఫ్రికాలోని మలావిలో ఓ పల్లెకి పనికి వెళ్లి, రెండేళ్లు ఉండి వచ్చింది. తుఫానులో ఇల్లూ మనుషులూ పోయిన ఆడవాళ్లు అక్కడ మామిడిచెట్టు కింద చేరి, పొయ్యి బొగ్గుతో బొమ్మలు గీసుకుంటారు. ఇదేమిటని ఎవరూ అడగరు. ఎవరి కాగితం వాళ్లది. తోడు కావాలనిపిస్తే పక్కవాళ్ల చేతిలో బొగ్గుముక్క పెడతారు. అప్పుడే ఇంకో చెయ్యి ఆ కాగితం మీద పడాలి. ఇక్కడా అదే పద్ధతి పెట్టింది. ఇదంతా ఆమె మొదట్లోనే చెప్పిందట. అప్పుడు నేను ఆమె కళ్లు చూస్తున్నాను. చెవులు పని చెయ్యలేదు.

"పదిహేను రోజుల్లో నేను మలావి తిరిగెల్లిపోతాను, రెండేళ్లకి. తవిటమ్మత్త రాకపోతే మిగతావోళ్లూ మానేస్తారు," అంది.

సోమవారం నుంచి నాకు ఆఫీసులో ముళ్ల మీద కూర్చున్నట్టుంది. సాయంత్రం కాగానే హౌరా మైదాన్ మెట్రో, అక్కణ్ణించి టోటో రిక్షా. తవిటమ్మ తలుపు తట్టడం, ఆమె తియ్యకపోవడం, నేను మెట్ల మీద కూర్చుని కాలు ఊపడం. రోజూ ఇదే పని.

"మళ్లీ వచ్చేసినావా దాదా? ఆఫీసోళ్లు తరిమేసినారేటి?" మేరీరాణి గొడుగుతో వచ్చింది.

"దాదా అనకు."

"మరేటనాల? ఇక్కడ చేపలమ్మేవోడూ దాదాయే, బస్సు కండక్టరూ దాదాయే."

"గందుకే అనకు అంటున్న."

ఆమె నన్ను ఒక్క క్షణం ఎక్కువే చూసింది. తర్వాత గొడుగు ఇటు వంచి, దాని మీది నీళ్లన్నీ నా మెడలో పోసి నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. ఆమె లేని రెండేళ్లు తలుచుకుంటే ఎక్కడా నిలవబుద్ధి కాలేదు.

శుక్రవారం టీ కొట్టు దగ్గర ఉండబట్టలేక అడిగాను.

"మలావి పోకుంటే ఏమైతది?"

"అక్కడ ఎస్తేర్ అని ముసలమ్మ ఉంది. నేను వచ్చేసేటప్పుడు బొమ్మ సగం గీసి దాచేసింది. నువ్వొచ్చినాక మిగతాది గీస్తానంది. రెండేళ్లయింది, ఇంకా దాచే ఉంచింది. ఎల్లకుండా ఎలాగ?"

వెళ్లొద్దు అనబోయి మానుకున్నాను. అలా అంటే ఆమె కాగితం మీద నేను గీత గీసినట్టే. ఒకసారి గీసి చూశాను కదా.

శనివారం చాపలు పరుస్తుంటే గుమ్మంలో తవిటమ్మ.

"ఇలా రా బాబూ." కొంగులోంచి కాగితం తీసి విప్పింది. తను గీసిన చెప్పు పట్టీకి నీలం రంగు వేసుంది. "ఆయన సెప్పుల పట్టీ నీలం. నా దానికి నానేసినాను. నీ దానికి నువ్వెయ్యి."

నీలం సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

"కోపం పోయిందా అమ్మా?"

"ఆ రోజు సానా కోపమొచ్చినాది. ఇంటికాడ రోజూ తీసి సూసినాను. ఏడాది నుంచి ఒక్కటే సూసి సూసి ఇసుగొచ్చీసినాది. రెండుంటే మడిసి నడిసినట్టున్నాది."

మేరీరాణి గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆ వారం అందరూ వచ్చారు.

ఆమె ప్రయాణానికి ముందురోజు మళ్లీ శనివారం, మళ్లీ వాన. ఎప్పుడూ అందరికీ కాగితాలు పంచడమే తప్ప తను గీయని మేరీరాణి, ఆ రోజు ఓ కాగితం తీసుకుంది. మామిడిచెట్టు గీసింది. కింద చాప. చాప మీద తను. పక్కన ఖాళీ వదిలేసింది. తల ఎత్తకుండానే నా చేతిలో బొగ్గుముక్క పెట్టింది.

"గియ్యి బాబూ," అంది తవిటమ్మ. "ఈపాలి నిన్నెవులూ తిట్టరు."

"మేరీ, నువ్వంటే నాకు పానం," అన్నాను అందరి ముందే. "పోవద్దని అనను. వచ్చేదాక ఉంటా. ప్రతి శనివారం వచ్చి చాపలు పరుస్తా. కాగితాలు ఇస్తా. నోరు మూసుకుని కూసుంటా."

"నువ్వా? కుదురుగానా?"

"నేర్చుకుంటున్న."

ఆమె కళ్లనిండా నీళ్లు, పెదవుల మీద నవ్వు.

"అయితే సగమే గియ్యి. మిగతాది నేనొచ్చినాక గీద్దాం, రఘూ."

దాదా అనలేదు.

చాప అంచున సగం మనిషిని గీశాను. రెండో సగానికి చెయ్యి లాగుతూనే ఉంది. బొగ్గుముక్క కింద పెట్టేశాను.