కాలు కడగని గేర్‌బాక్స్

"కాలు మాత్రం కడగొద్దు ఖాజా," అంది భ్రమరాంబ మూడోసారి.

టిఫిన్ వ్యాను కింద వెల్లకిలా పడుకున్న ఖాజావలికి నవ్వొచ్చింది. బెజవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా మెకానిక్కు పని చేస్తున్నాడు. తుక్కు షాపు నుంచి తెచ్చిన గేర్‌బాక్స్‌ని కాలు కడగకుండా బిగించమన్న మనిషిని మాత్రం ఇదే చూడటం.

ఈ కాలు గొడవేమిటో చెప్పాలి. ఆ రోజులకి ఊళ్లో సగం బళ్లు డ్రైవరు లేకుండానే తిరుగుతున్నాయి. మనుషులు నడిపే ఆటోమేటిక్ బళ్లకి డాక్టర్ వకుళ అనే సైంటిస్టు ఒక మెమరీ చిప్పు కనిపెట్టింది. అది గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది. డ్రైవరు యాక్సిలరేటర్ ఎంత గట్టిగా తొక్కుతాడు, బ్రేకు ఎప్పుడు వేస్తాడు, గతుకు దగ్గర ఎంత తగ్గిస్తాడు, అన్నీ నేర్చుకుంటుంది. ఆ తర్వాత ముందున్న సెన్సరు గతుకును చూపించగానే, ఆ మనిషి నడిపే తీరులో తనే గేరు తగ్గిస్తుంది. ఆటోనగర్ వాళ్లు ఆ మెమరీకి 'కాలు' అని పేరు పెట్టారు. ఒక్కరే వాడిన బండిని సింగిల్ హ్యాండ్ అన్నట్టు, ఒక్కరే నడిపిన గేర్‌బాక్స్‌ని సింగిల్ కాలు అన్నారు. పాత మెమరీని చెరిపెయ్యడం కాలు కడగడం అయింది. కడక్కుండా బిగిస్తే ఎవడో పరాయివాడు మన బండి నడుపుతున్నట్టు ఉంటుంది.

భ్రమరాంబకి ఇది పరాయి కాలు కాదు. ఆవిడ భర్త పానకాలరావు పదకొండేళ్లు టాక్సీగా తిప్పిన కారుది. ఆయన పోయాక ఆ కారుని చూడలేక తుక్కుకి ఇచ్చేసింది. రెండేళ్ల తర్వాత తన వ్యాను గేర్‌బాక్స్ పాడై, వేరేది వెతుక్కుంటూ తుక్కు షాపుకి వెళ్తే, టైర్ల గుట్ట పక్కన ఆ కారే కనిపించింది. తలుపులూ సీట్లూ లేవు. అద్దం మీద ఆవిడ అంటించిన మంగళగిరి స్వామి బొమ్మ మాత్రం ఇంకా ఉంది.

"కారు గేర్‌బాక్స్ వ్యానుకి ఎట్టా కూచుంటదక్కా?" అన్నాడు ఖాజా. "బోల్టు రంధ్రాలు కలవ్వు. మధ్యలో ప్లేటు చేయించాలి. ప్రొపెల్లర్ షాఫ్టు కోసి అతికించాలి. వైరింగంతా మార్చాలి."

"మార్చు. నాకదే కావాలి."

"ఇంతకీ సింగిల్ కాలేనా?"

"పదకొండేళ్లూ ఆయనదే. చివర్లో ఓ ఎనిమిది నెలలు ఆసుపత్రికి నేను తిప్పాననుకో. అదో లెక్కా?"

పంతొమ్మిది రోజులు పట్టింది. ఇరవయ్యో రోజు పొద్దున ఇడ్లీ డబ్బాలు సర్దుకుని కాలవగట్టు రోడ్డెక్కింది. స్పీడ్ బ్రేకరు ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగానే, ఆవిడ కాలు కదపకముందే, వ్యాను ఒక్కో గేరూ దిగి, నిద్రపోతున్న పిల్లని పక్క మీద దించినట్టు మెల్లిగా దాటింది. డబ్బాలో సాంబారు తొణకలేదు. భ్రమరాంబ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏమయ్యా, ఇంత ఒద్దిక ఎప్పుడు నేర్చావు?" అంది.

అడగాల్సిన ప్రశ్నే. పానకాలరావు బతికున్నన్నాళ్లూ స్పీడ్ బ్రేకరన్నది ఒకటుందని ఒప్పుకున్న మనిషి కాదు. దాని మీద మొగుడూ పెళ్లాలకి ప్రతి ప్రయాణంలోనూ గొడవే. కానీ ఒక్కతే ఉన్న ఈ రెండేళ్లలో ఆ గొడవలన్నీ మెల్లిగా అరిగిపోయి, ఆవిడ మనసులో మంచి మనిషొకడు మిగిలాడు. ఇంటికెళ్తే తిన్నావా అని అడిగే దిక్కులేదు. వ్యాను ఎక్కితే పక్కన ఒకరున్నారు. చట్నీ పులిసిన సంగతీ, మోకాళ్ల నొప్పుల సంగతీ గేర్‌బాక్స్‌కి చెప్పుకునేది.

రెండు నెలలకి తేడా తెలిసింది. గతుకుల దగ్గర వ్యాను మునుపటంత నెమ్మదించడం లేదు.

"నీ కాలు నేర్చుకుంటాందక్కా," అన్నాడు ఖాజా. "నడిపేకొద్దీ పాతది చెరిగిపోద్ది. దాని పనే అది."

ఆ రోజు నుంచి వ్యాను కదల్లేదు. షెడ్లలో పనివాళ్లు ఇడ్లీ బండి కోసం ఎదురుచూసి ఫోన్లు చేస్తే, ఒంట్లో బాగాలేదంది. ఆగిన బండిలో కూచుని చూసింది. ఆగిన బండిలో గేర్‌బాక్స్ కూడా ఇనప ముద్దే. పన్నెండో రోజున వ్యానుని లారీ మీదికెక్కించుకుని గన్నవరం దగ్గర వకుళ ల్యాబుకి వెళ్లింది.

"దీనికి తాళం వెయ్యండి డాక్టరుగారూ. ఇంకేమీ నేర్చుకోకూడదు. మిగిలిన కాస్తయినా ఆయన్ని నాకుంచండి."

ఆ కారుని ఎవరెవరు ఎన్నాళ్లు నడిపారో అడిగి తెలుసుకుని, వకుళ వైరు తగిలించి తెర మీద గీతలు చాలాసేపు చూసింది.

"ఇందులో ఒక్కరి కాలే ఉందమ్మా."

"చెప్పాగా, సింగిల్ కాలని," అంది భ్రమరాంబ గర్వంగా.

"అది మీ కాలు."

భ్రమరాంబకి అర్థం కాలేదు.

"ఈ చిప్పు చివరి ఆరువేల కిలోమీటర్లే గుర్తుంచుకుంటుంది. ఎనిమిది నెలలు ఆసుపత్రికి తిప్పారన్నారు కదా, ఆయనది అప్పుడే చెరిగిపోయింది. ఈ పాత గీతా ఈ కొత్త గీతా రెండూ మీవే. పాతదాంట్లో మాత్రం ప్రతి గతుకు దగ్గరా భయపడుతూ నడిపారు. ఎందుకో మరి నాకు తెలీదు."

భ్రమరాంబకి తెలుసు. ఎముకల్లోకి పాకిన జబ్బు. వెనక సీట్లో పడుకున్న మనిషికి చిన్న కుదుపొచ్చినా ప్రాణం పోయినంత పని. గతుకు దాటగానే, "నొప్పి పుట్టిందా?" అని అడిగేది. "లేదులే, పోనియ్," అనేవాడాయన. అంత జాగ్రత్తగా ఆయన్ని మోసిన ఆ ఎనిమిది నెలల్లోనే, రోజుకి కాస్త చొప్పున, ఆయన కాలుని తన చేతులారా కడిగేసింది.

"తాళం వెయ్యమంటారా?" అంది వకుళ నెమ్మదిగా.

"వద్దులెండి. నా కాలు నేను దాచుకుని ఏం చేసుకోను?"

లారీని పంపించేసి తనే నడుపుకుంటూ బయల్దేరింది. కాలవగట్టు మీద స్పీడ్ బ్రేకరొచ్చింది. గేర్‌బాక్స్ వేగం సరిగా తగ్గించలేదు. ఆవిడే బ్రేకు మీద కాలేసి, మెల్లిగా, చాలా మెల్లిగా దాటించింది. వెనక ఖాళీ డబ్బాలు ఒకదానికొకటి తగిలాయి.

"నొప్పి పుట్టిందా?" అని అడిగింది.

పోనియ్ అనే మనిషి లేక వ్యాను అక్కడే ఆగిపోయింది. దాని వెనక డ్రైవరు లేని కార్లు వరసగా ఆగాయి. హారను కొట్టి తొందరపెట్టడం వాటికి తెలీదు. ఆవిడ ఏడుపు అయ్యేదాకా అలాగే నిలబడ్డాయి.