ఎండ రాని కిటికీలు

“మేడం, మీరు లేస్తెగాని ఈ అద్దం సూడరాదు.”

“లేవ. పోయినేడు గిట్లనే లేపి, నా కుర్చీ మీద గమ్ము కార్చి పోయిండ్రు.”

శ్రీధర్ నవ్వు ఆపుకుని పక్క కిటికీ దగ్గరికి జరిగాడు. వినీత కంప్యూటర్ వైపు తిరిగింది కానీ చెవులు మాత్రం అతని దగ్గరే వదిలేసింది. ఏడాదంతా ఎదురుచూసింది ఈ ఒక్కరోజు కోసమాయె. తీరా మనిషి వచ్చాక మొహం చూడ్డానికి బెట్టు.

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీదున్న ఆ విత్తనాల కంపెనీ ఆఫీసుకు నాలుగు వైపులా, బయటి నుంచి చూస్తే లోపల కనిపించని రెండు పొరల అద్దాల కిటికీలే. ఎండ వేడి లోపలికి రాదని, ఏసీ కరెంటు మిగులుతుందని పెట్టించారు. వాటిని బిగించినవాడు శ్రీధరే. బోధన్ అవతల కోటగిరిలో చెరకు రైతు కొడుకు, హైదరాబాద్‌లో కిటికీల ఏజెన్సీలో పని. సర్వీసింగ్ కాంట్రాక్టు పుణ్యమా అని ప్రతి వేసవికీ వస్తాడు.

ఈసారి మేనేజర్ వినీత నెత్తిన ఒక పని పెట్టాడు. ఇరవై ఏళ్ల మీద చూస్తే ఈ కిటికీలు లాభమా, నష్టమా? కాంట్రాక్టు ఇంకో ఐదేళ్లకు మళ్లీ రాయాలా, వద్దా? తేల్చి చెప్పమన్నాడు. లాభమని రాస్తే శ్రీధర్ వస్తూనే ఉంటాడు. ఆ మాట రాయడానికి ఆమె ఎప్పుడో సిద్ధమైపోయింది. అయినా పద్ధతి ప్రకారం అతన్ని అడగాలి కదా, అడిగింది.

“నిజం చెప్పాల్నా?” అన్నాడు శ్రీధర్. “పడమర దిక్కు ఉంచుకోండ్రి. పొద్దుగూకేదాక ఎండ కొడ్తది, కరెంటు మిగులుతది. ఉత్తరం దిక్కు ఎండనే రాదు, ఇంక మిగిలేదేంది? మన ఎండాకాలాలకు అంచుల గమ్ము పగులుతది, రెండద్దాల నడుమ చెమ్మ జేరుతది. తుడిస్తె పోదు, అద్దం మొత్తం మార్చాలె. మిగిలిన కరెంటు పైసలన్ని దానికే పోతయి. అవి పాడైతె మామూలు అద్దాలు ఏయించుండ్రి. పడమర దిక్కు గమ్ము పని ఈడి ఫిట్టరే చేస్తడు, దానికి కాంట్రాక్టెందుకు?”

“అంటే ఇంక మీరు రారన్నట్టు.”

“కాంట్రాక్టు లేకుంటె ఏజెన్సీ పంపది.”

ఎంత తేలిగ్గా అనేశాడు. వినీత కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తనకు ఏడాదికొక పండగ, అతనికి ఒక డ్యూటీ, అంతేనన్నమాట. రోషం కొద్దీ ఉన్నదున్నట్టు టైపు చేసి మేనేజర్‌కు పంపేసింది.

సాయంత్రం అతను సామాను భుజానికెత్తుకున్నాడు. వెళ్లకూడదనుకుంటూనే వినీత మెట్ల దాకా వెళ్లింది.

“లాభమని ఒక్క అబద్ధం చెప్తే మీ సొమ్మేం పోతది? ఇంకో ఐదేండ్లు వస్తుంటిరి.”

“అబద్ధమే జెప్దామనుకున్న. తొవ్వ పొడుగున అదే అనుకుంట వచ్చిన. మీరు అడిగినంక నోరు రాలే. రేపు లెక్క తప్పయితె మాట మీకే వస్తది గద.” శ్రీధర్ మెట్టు మీదే ఆగిపోయాడు. “ఇంటికి పోయేటప్పుడల్ల బోధన్ బస్సులకెల్లి ఈ ఆఫీసు దిక్కే సూస్త. బయటికెల్లి సూస్తె మీరు కనవడరు. గసుంటి అద్దాలు పెట్టింది నేనే.”

వినీత కళ్లు నిండాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

“పని లేకుంటె రారా?”

“వచ్చి గేటుకాడ ఏమని చెప్పాలె?”

“వినీత కోసం వచ్చిన అని చెప్పుండ్రి.”