గీతలు లేని వేలు

తడి ఫొటో మీద బొటనవేలు పెట్టినందుకే శ్రీదివ్య మొదటిసారి సృజన్‌ని కసిరింది.

"అంచు పట్టుకోండి సార్. వేలిముద్ర పడితే ఫొటో ఖరాబైతది."

"కానియ్యండి. దీంట్ల నేను దొంగ లెక్క ఉన్న."

"ఉన్నదే వస్తది. కెమెరాకు మొహమాటం తెల్వదు."

తొంభై మూడులో సంగతి. నారాయణగూడలోని ఆ స్టూడియోలో డార్క్‌రూమ్ పని ఆమెది. అశోక్‌నగర్‌లో గ్రూప్ టూ కోచింగ్‌కు వెళ్లే సృజన్ ఆ తర్వాత దిగిన పాస్‌పోర్టు ఫొటోలకు సరిపడా ఉద్యోగాలు దేశంలోనే లేవు. వాన పడితే చాలు, గొడుగు మరిచానంటూ మెట్లెక్కేవాడు. ఏడాది తిరిగేసరికి మీరు కాస్తా నువ్వు అయింది.

ఫొటోలు కడిగే డెవలపర్ మందులో నాని నాని ఆమె వేళ్ల చర్మం పొరలుగా ఊడింది. ఎగ్జిమా అన్నాడు డాక్టర్. ఆ వేళ్లనే సృజన్ పట్టుకు వదిలేవాడు కాదు గనుక ఆమె పెద్దగా దిగులు పడలేదు.

దిగులు చిక్కడపల్లిలో మొదలైంది. సృజన్ పెళ్లి మాట ఎత్తితే, నాడీ జ్యోతిష్యం మీద గురి ఉన్న అతని తల్లి సులోచన ఇద్దరినీ అక్కడి జ్యోతిష్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. ఆడపిల్లదైతే ఎడమ బొటనవేలి ముద్ర తీసుకుని, ఆ గీతలను బట్టి జాతకమున్న తాళపత్రం వెతుకుతారు. శ్రీదివ్య వేలికి సిరా పూసి అద్దితే కాగితం మీద ఉత్త నల్లమచ్చ పడింది.

"ఈ అమ్మాయికి పత్రం దొరకదు," అన్నాడు జ్యోతిష్యుడు.

సులోచన ముఖం మాడిపోయింది. "పత్రమే లేని పిల్లను ఇంట్లకు ఎట్ల తెచ్చుకుంట?"

బయటికొచ్చాక శ్రీదివ్య సృజన్‌ని బతిమాలింది. "మందుల చెయ్యి పెట్టకుంటే గీతలు మళ్ల వస్తయన్నడు డాక్టర్. జర ఆగమను మీ అమ్మను."

"చెప్త," అన్నాడతను, చెప్పుల వంక చూస్తూ.

ఆమె డార్క్‌రూమ్ మాని కౌంటర్‌లో కూర్చుంది. పొద్దున లేస్తూనే వేలిని కిటికీ వెలుతురులో పెట్టి చూసుకునేది, ఏమీ కనిపించక ఏడ్చేది. అతను తల్లికి చెప్పాడో లేదో గానీ, స్టూడియోకు రావడం మానేశాడు.

చలికాలం పోయేసరికి గీతలొచ్చాయి. ఆ వారమే సృజన్ వచ్చాడు, పెళ్లికూతురి అన్న కడగడానికిచ్చిన తన నిశ్చితార్థం ఫొటోల కోసం. ఆమె పని మానేసిందనుకున్నాడు కాబోలు, చూసి గుమ్మంలోనే ఆగి, రసీదు కౌంటర్ మీద పెట్టాడు.

కవరులోంచి ఫొటో తీస్తూ ఆమె అంచు పట్టుకోవడం మరిచింది. ఉంగరం తొడుగుతున్న సృజన్‌కూ, ఆ అమ్మాయికీ నడుమ బొటనవేలి ముద్ర పడింది. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"వచ్చినయా?" అన్నాడు సృజన్, ముద్ర మీదికి వంగి.

"వచ్చినయ్. నీకే ఆగ చాతగాలె."

మెత్తటి గుడ్డతో ముద్రను తుడిచి, ఫొటో అతని ముందుకు జరిపింది.

"అంచు పట్టుకోండి సార్," అంది.