ఊదా రంగు సున్నం

ఆ ఆసుపత్రిలో అతన్ని అందరూ సున్నంగారనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. మత్తు యంత్రాలు చూసుకోవడం అతని పని. మత్తులో ఉన్న మనిషి వదిలిన గాలి ఆ యంత్రంలో తిరిగి మళ్ళీ ఆ మనిషికే వెళ్తుంది. మధ్యలో ఒక డబ్బా నిండా తెల్లటి సున్నం గుళికలుంటాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని అవి పీల్చేసుకుంటాయి. పీల్చీ పీల్చీ ఊదా రంగుకు తిరుగుతాయి. అప్పుడు పాతవి పారబోసి కొత్తవి పోయాలి. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు మరి, ఇంకేం పేరు పెడతారు?

రెండో ఆపరేషన్ థియేటర్ మూతపడి నాలుగు నెలలైంది. మొదటి థియేటర్ యంత్రం మరమ్మతుకి వెళ్ళడంతో శనివారం ఈ రెండో గది తెరిపించి, సున్నం మార్చి, తాళం వేశాడు. ఆదివారం ఉదయం చూస్తే సగం ఊదా. నాసిరకం సరుకు అంటగట్టారని తిట్టుకుంటూ మళ్ళీ మార్చాడు. సోమవారం ఉదయానికి మొత్తం ఊదా. ఊపిరి తగలకుండా ఆ సున్నం రంగు మారదు. ఆ సంగతి అతని కంటే బాగా ఎవరికి తెలుసు?

మత్తిచ్చే డాక్టరమ్మకి చెప్పేవాడే. కానీ అదే సోమవారం మధ్యాహ్నం అతని పదమూడేళ్ళ కూతుర్ని, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, వాళ్ళమ్మ ఆసుపత్రికి తీసుకొచ్చింది. అపెండిక్స్ పగిలేలా ఉంది, గంటలో ఆపరేషన్ చెయ్యాలన్నారు. యంత్రం మీద అనుమానముందంటే పిల్లని ఇంకో ఆసుపత్రికి పంపేస్తారు. అంత సమయం లేదు. నోరు మూసుకుని మూడోసారి సున్నం పోశాడు.

"మెషిన్ ఎలా ఉంది సున్నంగారూ?" మత్తు డాక్టరమ్మ అడిగింది.

"బాగానే ఉంది మేడమ్."

కూతురు అతని వేలు పట్టుకుంది. "నాన్నా, నువ్విక్కడే ఉంటావా?"

"ఎక్కడికెళ్తానమ్మా?"

"అయితే నేను నిద్రపోయాక నా ఫోన్ చూడకు."

అతను నవ్వేలోపే పిల్ల కళ్ళు మూతలు పడ్డాయి. గొంతులోకి గొట్టం వేశారు. తెర మీద ఆకుపచ్చ గీత చిన్న చిన్న గుట్టలుగా నడిచింది. ఒక్కో గుట్ట ఒక్కో ఊపిరి. పక్కన అంకె, వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లెక్క, ముప్పై ఏడు. ప్రాణమున్న ఒంట్లో ఆ వాయువు పుడుతూనే ఉంటుంది. అంకె సున్నా అయితే గొట్టమైనా ఊడి ఉండాలి, ప్రాణమైనా పోయి ఉండాలి.

స్పిరిట్ వాసన. ఏసీ రొద. కత్తెరల చప్పుడు. పావుగంట గడిచింది.

డబ్బా అడుగున ఊదా రంగు కనిపించింది. చూస్తుండగానే పైకి పాకింది. ఒక్క పిల్ల ఊపిరికి ఇంత తొందరగా మారదు. ఇంకెవరో కూడా అందులోకి ఊపిరి వదులుతున్నారు...

నలభై అయిదు. యాభై రెండు. అరవై...

"ఏమవుతోంది?" డాక్టరమ్మ గొంతు తగ్గించింది.

"సున్నం అయిపోయింది మేడమ్."

"ఇప్పుడే కదా పోశారు?"

ఆమె యంత్రం గొట్టాలు ఊడదీసి, చేత్తో నొక్కే సంచి తగిలించి తనే పిల్లకి ఊపిరందించింది. ఆపరేషన్ అలాగే ముగిసింది. పిల్ల కళ్ళు తెరిచి, "నాన్నా" అంది. అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

పక్క గదిలోకి మార్చాక డాక్టరమ్మ పిల్ల ముక్కు దగ్గర సన్నటి గొట్టం పెట్టి, చిన్న మానిటర్ చూసింది. గీత లేవలేదు. అంకె సున్నా. గొట్టం పాడైందనుకుని అతని ముక్కు దగ్గర పెట్టింది. ముప్పై ఎనిమిది. మళ్ళీ పిల్ల ముక్కు దగ్గర... సున్నా.

"దాహంగా ఉందమ్మా," అంటోంది పిల్ల. ఛాతీ లేస్తోంది, పడుతోంది. తల్లి దాని జుట్టు సర్దుతూ భర్త వైపు చూసింది. "ఏంటండీ, అలా నిలబడిపోయారు?"

డాక్టరమ్మ అతన్ని బయటికి తీసుకెళ్ళి తలుపు మూసింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. "ముందు వెళ్ళి ఆ మెషిన్ ఆపెయ్యండి," అని చెవిలో చెప్పినంత మెల్లగా అంది.

రెండో థియేటర్‌లో ఎవరూ లేరు. ఖాళీ బల్ల మీద గొట్టాలు వేలాడుతున్నాయి. యంత్రానికున్న ఊపిరి సంచి ఉబ్బింది. తగ్గింది. మళ్ళీ ఉబ్బింది. తెర మీద గుట్టలు నడుస్తున్నాయి. ముప్పై ఏడు... ముప్పై ఏడు...

గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా, తడిగా తగిలింది.

స్విచ్ మీద వేలు వేశాడు. గుట్టలు ఒక్కసారిగా దగ్గరపడ్డాయి. నిమిషానికి ఇరవై ఊపిర్లు. ముప్పై. నలభై... భయంతో ఎగపోస్తున్నట్టు సంచి కొట్టుకుంది. వేలు తీసేశాడు. మెల్లమెల్లగా సర్దుకుంది.

"చిట్టితల్లీ... నువ్వేనా?" అన్నాడు.

మూసిన తలుపుల అవతల నుంచి, పక్క గదిలోంచి, అతని కూతురి గొంతు స్పష్టంగా వినిపించింది.

"నాన్నా... ఇంకా ఆపలేదా?"